మొక్కలకు ఏ రంగు దీపము?

గదులలో దీపముల వెలుగున మొక్కలు పెంచుట కొన్ని యేండ్లుగా మన పట్టణములలో వ్యాపారముగా సాగుచున్నది. నాలుగు గోడల నడుమ కుంకుమపువ్వు పండింపవచ్చుననియు, అరలపై ఆకుకూరలు పెంచి హోటళ్లకు అమ్మవచ్చుననియు ప్రకటనలు తరచుగా వచ్చుచున్నవి. ఆ ప్రకటనల బొమ్మలలో మిక్కిలిగా కనబడు రంగు ఒక్కటే: ఎఱుపు, నీలము కలిసిన ఊదా వెలుగు. వానిని చూచి, పొలము తక్కువగా గలవారును, చదువుకొనిన పిల్లలకు ఊరిలోనే యొక పని చూపదలచిన వారును, ఏ రంగు దీపములు కొనవలెనని మమ్ము అడుగుచున్నారు. దీపములకు పెట్టు సొమ్ము వేలతో ఆరంభమై లక్షలకు పోవును. అప్పు తెచ్చి పెట్టువారును గలరు. కావున ఆ ప్రశ్ననే యీ సంచికలో కొంత వివరముగా విచారింపదలచితిమి.

మా అభిప్రాయమును ముందే చెప్పుచున్నాము. రంగు నడుగుటకు ముందు, ఆ వెలుగుతో మొక్కకు ఏ పని పడినదో అడుగవలెను. వెలుగు మొక్కకు రెండు విధముల ఉపయోగపడును. ఒకటి ఆహారముగా, రెండవది సంజ్ఞగా. ఆహారముగా నిచ్చునపుడు రంగుకంటె పరిమాణము ముఖ్యము. సంజ్ఞగా నిచ్చునపుడు స్వల్పమైన వెలుగే చాలును గాని, రంగు తప్పినచో పని చెడును. ఈ భేదము తెలియనివారు మొదటి పనికి రంగు చూచి మోసపోవుదురు, రెండవ పనికి వాట్లు చూచి డబ్బు వృథా చేయుదురు.

ఈ రెండు పనులును మన యిండ్లలో అందఱు చూచినవే. పెండ్లి పాలికలలో పోసిన నవధాన్యములు చీకటి గదిలో మొలచినచో తెల్లగా, పసుపుపచ్చగా, సన్నగా జానెడు పొడవు సాగును. పాలికను వసారాలోనికి తెచ్చిన ఒకటి రెండు దినములకే ఆకులు పచ్చబడును, సాగుట తగ్గును. ఆ కొద్ది వెలుగు మొక్కకు తిండి కాదు. మన్ను దాటి వెలుపలికి వచ్చినావు, ఇక సాగుట చాలించి ఆకు విప్పుమను సంజ్ఞ మాత్రమే. తిండి యింకను గింజలోనుండియే వచ్చుచున్నది. అదే పాలికను వసారా నీడలోనే నెలదినములు ఉంచినచో గింజలోని సత్తువ తీఱి మొలకలు వాలిపోవును. అప్పుడు దానికి కావలసినది సంజ్ఞ కాదు, ఎండ.

ఆహారమైన వెలుగు

ఊదా దీపముల వ్యాపారులు చెప్పు వాదము వినుటకు సమంజసముగానే యుండును. ఆకులోని పత్రహరితమును స్పిరిటులోనికి దించి, ఆ పచ్చని ద్రవము గుండ వెలుగును పంపినచో ఎఱుపును నీలమును హరించిపోవును, ఆకుపచ్చ వెలుగు మిగిలి వచ్చును. 1882లో జర్మను శాస్త్రజ్ఞుడగు ఎంగెల్మాన్ పట్టకముతో వెలుగును రంగులుగా విడదీసి, సూక్ష్మదర్శినిలో ఒక నీటిపాచి పోగుపై పడజేసి చూచెను. ప్రాణవాయువును వెదకుకొనుచు పోవు సూక్ష్మజీవులు ఎఱుపును నీలమును పడినచోటనే గుమిగూడినవి. ఆ రెండు రంగులలోనే మొక్క తిండి వండుకొనుచున్నదని దీనిచే తెలిసెను. ఇంకేమి? ఆకుపచ్చ వెలుగు మొక్కకు పనికిరాదు, ఆకు దానిని త్రోసివేయుచున్నది గనుకనే మన కంటికి పచ్చగా కనబడుచున్నది, కావున ఎఱుపు నీలముల దీపమే కొనుడని వారందురు.

అయితే సీసాలోని పచ్చద్రవము ఆకు కాదు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున మెక్రీ అను శాస్త్రజ్ఞుడు 22 రకముల పైరుల ఆకులను తీసికొని, ఒక్కొక్క రంగు వెలుగులో అవి యెంత తిండి తయారుచేయునో కొలిచి 1972లో ప్రకటించెను. ఎఱుపు అన్నిటికంటె మేలుగా పనిచేసెను. ఆకుపచ్చయో, వ్యాపారులు చెప్పునట్లు శూన్యము కాదు. నీలముతో ఇంచుమించు సరితూగెను. కారణమేమనగా, ఆకు అనేక పొరలు గలది. లోనికి ప్రవేశించిన పచ్చ వెలుగు ఆ పొరలలో అటునిటు కొట్టుకొని, తుదకు చాలవఱకు హరింపబడును. మన కంటికి తిరిగి వచ్చునది అందులో కొద్ది భాగమే. అంతేగాక, ఎఱుపు నీలములు పైపొరలోనే ఆగిపోగా, పచ్చ వెలుగు అడుగు పొరలకును, క్రింది ఆకులకును చేరును. తీవ్రమైన తెల్లవెలుగులో నున్న ఆకునకు మఱికొంత ఎఱుపు చేర్చుటకంటె పచ్చ చేర్చుటయే యెక్కువ ఫలమిచ్చుచున్నదని జపానులో తెరాషిమా మొదలగువారు 2009లో చూపిరి.

అట్లయినచో ఊదా దీపములు ఎట్లు వచ్చినవి? దీనికి చరిత్ర గలదు. ఎల్.ఇ.డి. దీపములలో మొక్కలకు పనికివచ్చునంత బలముగా మొదట తయారైనది ఎఱుపు. 1991 నాటికే అమెరికాలో విస్కాన్సిన్ పరిశోధకులు ఎఱుపు ఎల్.ఇ.డి.లకు నీలపు ట్యూబుదీపముల వెలుగు కొంత చేర్చి లెట్యూస్ ఆకుకూరను పెంచిరి. బలమైన నీలపు ఎల్.ఇ.డి. ఆ దశాబ్దములోనే తరువాత వచ్చెను. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెలు బహుమానము లభించెను. నీలపు దీపముపై పసుపు పూత పూయగా వచ్చినదే నేడు మన యిండ్లలో వెలుగుచున్న తెల్ల ఎల్.ఇ.డి. అది చౌకగా దొరకకముందు ఎఱుపు నీలములే గతి. అంతరిక్ష కేంద్రములో 2014లో అమర్చిన కూరమడిలోను ఎఱుపు, నీలపు దీపములే ప్రధానము. కాని ఆ వెలుగులో ఆకులు చూచుటకు బాగుండవని కొన్ని పచ్చ దీపములను గూడ చేర్చిరి. 2015 ఆగస్టులో అక్కడివారు తాము పెంచిన లెట్యూసును తినిరి.

ఎఱుపునకు నిజమైన యొక మేలు గలదు, దానిని దాచరాదు. వెలుగు గింజలవంటి కణములుగా వచ్చును. నీలపు కణమున శక్తి యెక్కువ, ఎఱుపు కణమున తక్కువ. కాని ఆకు లెక్కించునది గింజలనేగాని వాని బరువును కాదు. అందుచే ఒక యూనిటు విద్యుత్తుతో ఎఱుపు కణములు ఎక్కువ పుట్టును. పెద్ద యెత్తున దీపములు పెట్టువారు తెల్ల దీపములతోబాటు 660 నానోమీటర్ల ఎఱుపును కలుపుకొనుట యీ పొదుపునకే.

ఒక్క ఎఱుపు మాత్రమే యిచ్చినచో నేమగును? చాల పైరులు కాడలు సాగి, ఆకులు పలుచబడి, కొన్నిటిలో అంచులు ముడుచుకొనును. నీలము కాడను పొట్టిగా, ఆకును దళసరిగా ఉంచును, పత్రరంధ్రములను విప్పును. మొత్తము వెలుగులో నీలము పదింట ఒక వంతు మొదలు అయిదింట ఒక వంతు వఱకున్నచో చాల పైరులకు సరిపోవును. మఱీ యెక్కువైనచో మొక్క గిటకబాఱి దిగుబడి తగ్గును. బజారులో దొరకు తెల్ల దీపములు ఈ లెక్కకు సరిగానే వచ్చుచున్నవి. డబ్బాపై 3000 అని వ్రాసియుండు పసిమి తెలుపులో నీలము దాదాపు పదింట ఒక వంతు, 4000 అనుదానిలో అయిదింట ఒక వంతునకు దగ్గర, 6500 అను చల్లని తెలుపులో నాలుగింట ఒక వంతునకు పైగా నుండును. నారు పొట్టిగా, గట్టిగా నిలువవలెనన్నచో 4000 మొదలు 6500 వఱకు. ఆకు విరివిగా పెరుగవలెనన్నచో 3000 మొదలు 4000 వఱకు. రంగు విషయమున సామాన్య కృషీవలునకు ఇంతకు మించి తెలియనక్కఱలేదు.

తెల్ల దీపమునే మేము మెచ్చుకొనుటకు వేఱొక బలమైన హేతువు గలదు. ఊదా వెలుగున పచ్చని ఆకు నల్లగా కనబడును. నత్రజని చాలక పసుపుబాఱిన ఆకును, నల్లి పట్టి పొడలు వేసిన ఆకును, బూడిద తెగులు తొలిమచ్చయు ఆ వెలుగులో కంటికి ఆనవు. పైరును చూచి దాని రోగము చెప్పగల కన్ను రైతునకు గల ఆస్తులలో మొదటిది. ఆ కన్నును పనికిరాకుండజేయు దీపమునకు హెచ్చు ధర పెట్టి కొనుట మా దృష్టిలో అవివేకము. ఇదివఱకే కొనినవారు దానిని పాఱవేయ నక్కఱలేదు. మొక్కలు దానిక్రిందను పెరుగును. మొక్కలను పరీక్షించు వేళ మాత్రము ఊదా దీపమార్పి, తెల్ల దీపమొకటి వెలిగించుకొనిన చాలును.

వెలుగునకు కొలత

ధాన్యమును కుంచములతో కొలిచినట్లు, మొక్కకు పడు వెలుగును మైక్రోమోళ్లతో కొలుతురు. ఒక చదరపు మీటరుపై ఒక సెకనులో పడిన కణముల లెక్క యిది. నిర్మలమైన ఆకాశమున నడిమింటి ఎండ దాదాపు 2000 మైక్రోమోళ్లు. ఇంటిలో చదువుకొను బల్లమీది వెలుగు పది మైక్రోమోళ్లకు మించుట అరుదు. మన కంటికి రెండును వెలుగే. కన్ను చీకటికిని ఎండకును సర్దుకొనును గనుక వీనిమధ్య నింత అంతరమున్నదని తోచదు. గదిలో మొక్క ఎండుటకు రంగు తప్పుటకంటె ఈ భ్రమయే యెక్కువసార్లు కారణము.

ఇపుడొక లెక్క వేయుదము. వాటుకు 2 మైక్రోమోళ్లు ఇచ్చు దీపము నడితరము మంచిది. నడిమింటి ఎండకు సాటి వెలుగును ఒక చదరపు మీటరుపై ఇచ్చుటకు అట్టి దీపములు 1000 వాట్లు కావలెను. ఎకరమునకు 4047 చదరపు మీటర్లు. అనగా 4000 కిలోవాట్లకు పైమాట. అయిదు హార్సుపవరు మోటార్లు వేయికి పైగా ఒక్కసారి నడిపినంత విద్యుత్తు. సూర్యుడు ప్రతి రైతు పొలమునకును దీనిని వెల లేకయే యిచ్చుచున్నాడు. వరి, జొన్న, పప్పుధాన్యములు దీపముల క్రింద ఎందుకు పండింపరో దీనిచే తేటపడును.

లెట్యూస్ వంటి ఆకుకూరకు అంత వెలుగు అక్కఱలేదు. సెకనుకు 200 మైక్రోమోళ్ల చొప్పున దినమునకు 16 గంటలు ఇచ్చినచో దాదాపు సరిపోవును. ఒక చదరపు మీటరు అరకు 100 వాట్లు, దినమునకు 1.6 యూనిట్లు, నెలకు 48 యూనిట్లు. యూనిటు 8 రూపాయలనుకొనినచో 384 రూపాయలు. చక్కగా పండినచో ఆ నెలలో నాలుగైదు కిలోల ఆకు వచ్చును. అనగా కిలోకు దీపపు ఖర్చే దాదాపు 80 మొదలు 95 రూపాయల వఱకు. దీపము వెలుగు పక్కలకు పోకుండ అంతయు మడిమీదనే పడినపుడు మాట యిది. దీపము తిను ప్రతి వాటును తుదకు వేడిమిగా మాఱి గదిలోనే నిలుచును గనుక మన వేసవిలో శీతలయంత్రము ఖర్చు దీనికి అదనము. విత్తనము, ఎరువు, కూలి, అద్దె వేఱు. తోటకూర, పాలకూరల సంతధర యెఱిగినవారికి మేము వేఱుగా చెప్పవలసినది లేదు. ఎక్కువ ధర పలుకు కూరలకును, వారము పది దినములలో కోతకు వచ్చు లేత మొలకకూరలకును మాత్రమే, అదియును కొనువారు ముందుగా కుదిరియున్నప్పుడే, ఈ లెక్క తేలును. పంపుసెట్లకు ప్రభుత్వములిచ్చు ఉచిత విద్యుత్తు గదిలోని దీపములకు వచ్చునని తలపరాదు. ఏ తరగతి క్రింద బిల్లు వేయుదురో దీపములు కొనకముందే విద్యుత్ కార్యాలయమున వ్రాతమూలకముగా తెలిసికొనవలెను.

శీతలదేశముల సంగతి వేఱు. హాలండులో శీతకాలపు పగళ్లు పొట్టివి, ఎండ మందము. అచ్చటి గాజు ఇండ్లలో టమాట, గులాబి తోటలకు చాలకాలము నారింజరంగు సోడియము దీపములను వాడిరి. ఆ దీపములో నీలము మిక్కిలి తక్కువ. అయినను పైరు చెడలేదు. ఏలయన పగటి యెండలో రావలసిన నీలము రానే వచ్చుచుండెను. దీనిలో మనకు నేర్వదగిన విషయము గలదు. కిటికీ ఎండగాని, పాలిథీను కప్పు ద్వారా ఎండగాని కొంత తగులుచున్నచోట దీపపు రంగును గూర్చి చింత అనవసరము. అన్ని రంగులును సూర్యుడే యిచ్చుచున్నాడు. కిటికీ కూడ లేని గదిలోనే రంగు ప్రశ్న యుదయించును. విజయవాడ ప్రాంతమున మిక్కిలి పొట్టి పగలు సయితము 11 గంటలకు కొంచెము పైగా నుండును. మనకు ఎండ కొఱతకంటె ఎండ మిగులే సమస్య. అందుకే నారుమళ్లపై నీడవల కట్టుచున్నాము.

సంజ్ఞయైన వెలుగు

ఇక రెండవ పనికి వత్తము. ఇందులో రంగే రాజు.

1920లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ అను వారు, పొగాకులో ఒక రకము వేసవి యంతయు పూయక పెరుగుచునే యుండుటకును, సోయాచిక్కుడులో ఒక రకము ఎప్పుడు విత్తినను ఒక్క కాలముననే పూయుటకును కారణము పగటి నిడివియే యని వెల్లడించిరి. మొక్క నిజముగా కొలుచునది రాత్రి నిడివి యని తరువాత తెలిసెను. వీధిదీపము పడినచోట సోయాచిక్కుడు పచ్చగానే నిలిచి ఆలస్యముగా పండుట దీనివలననే. ఆ దీపపు వెలుగు పైరునకు తిండిగా చాలనే చాలదు. రాత్రి ఇంకను దీర్ఘము కాలేదని మొక్కను నమ్మించుటకు మాత్రము చాలును.

1952లో బార్త్విక్, హెండ్రిక్స్ మొదలగువారు లెట్యూస్ విత్తనములతో చేసిన పరిశోధన రంగు సంగతిని తేల్చినది. తడిపిన విత్తనములకు కొన్ని నిమిషములు ఎఱుపు వెలుగు చూపగా మొలచినవి. వెంటనే కంటికి ఆనీ ఆనని ముదురెఱుపు వెలుగు చూపగా మొలచుట మానినవి. ఎన్ని మాఱులు మార్చి మార్చి చూపినను, చివర చూపిన రంగు చెప్పినట్లే అవి విన్నవి. 660 నానోమీటర్ల ఎఱుపు తాళము తీయగా 730 నానోమీటర్ల ముదురెఱుపు తాళము వేయుచున్నది. మొక్కలో ఈ సంజ్ఞను గ్రహించు పదార్థమునకు ఫైటోక్రోము అని పేరు.

నారు సాగుటకును ఇదియే కారణము. ఆకు ఎఱుపును తిని ముదురెఱుపును వదలివేయును. ఒత్తుగా పోసిన మిరపనారులో ఒకదాని ఆకులనుండి వచ్చు ముదురెఱుపు పక్కదానిపై పడును. దానిని బట్టి, పోటీదారు వచ్చినాడు, పైకి పోవలెనని అది కాడను సాగించును. అందుచే నారుగదులలో ముదురెఱుపు ఎక్కువగా గల దీపము పనికిరాదు. ఇంకొక సంగతి గూడ చెప్పవలెను. ఇతర రంగులతో కలిసియున్నపుడు ముదురెఱుపు గూడ తిండిగా ఉపయోగపడునని అమెరికాలో జెన్, బగ్బీ అను వారు 2020లో చూపిరి. దీనిని పట్టుకొని, ముదురెఱుపు గల దీపములకు ధర పెంచి అమ్మువారు గలరు. విశాలమైన ఆకు కావలసిన లెట్యూసునకు అది కొంత మేలు చేయవచ్చును. నారునకు మాత్రము కీడే.

సంజ్ఞా దీపము నిజముగా లాభమిచ్చు పైరు చామంతి. అది రాత్రులు దీర్ఘమైనపుడు పూయును. కాడలు తగినంత పొడవు రాకముందే పూయకుండ, నడిరేయి 10 గంటలు మొదలు 2 గంటల వఱకు దీపములు వెలిగించి రాత్రిని రెండుగా కోయుదురు. కావలసిన వెలుగు ఒకటి రెండు మైక్రోమోళ్లే. ఇందులకు ఎఱుపు దీపముగాని, పసిమి తెల్లదీపముగాని తగును. నీలపు దీపమెంత ప్రకాశించినను ఈ పనికి మిక్కిలి బలహీనము. ముదురెఱుపు ఒక్కటే యిచ్చినచో చేసిన పనిని చెఱచును. డ్రాగన్ పండు తోటలలో వ్యవహారము తలక్రిందు. అది పొట్టి రాత్రుల మొక్క. వియత్నాములోని బిన్ థువాన్ రైతులు చాలకాలముగా రాత్రివేళ తోటలలో బల్బులు వెలిగించి అకాలమున పూతను రప్పించుచున్నారు. మన రెండు రాష్ట్రములలోను ఈ పద్ధతిని అనుసరించుచున్న రైతులున్నారు. ఇది ఆరుబయటి పంట గనుక విస్తరింపక విడిచిపెట్టుచున్నాము. రాత్రులు చల్లనైన మాసములలో వెలుగొక్కటే పూతను తేజాలదని మాత్రము గుర్తుంచుకొనవలెను.

వెలుగు అంతగా అక్కఱలేనివి

కొన్ని వస్తువులకు దీపమును అంటగట్టుట కేవలము అమ్మకపు నేర్పు. పుట్టగొడుగులు మొక్కలు కావు, వెలుగును తినవు. ముత్యపు చిప్ప పుట్టగొడుగులకు గొడుగు విచ్చుకొను సంజ్ఞగా, పుస్తకము చదువుకొనునంత వెలుగు కొన్ని గంటలున్న చాలును. తెల్లగుండీ పుట్టగొడుగులకు అదియును అక్కఱలేదు. పళ్లెములలో ఏడెనిమిది దినములు పెంచు మొక్కజొన్న పశుగ్రాసము గింజలోని సత్తువతోనే పెరుగును. దాని బరువంతయు నీటి బరువు. ఎండబెట్టి తూచినచో పోసిన గింజలకంటె సాధారణముగా తక్కువే తూగును. దానికి దీపములు కొనుట పాలవారి సొమ్మును రెండుమార్లు తీసికొనుటయే.

కుంకుమపువ్వు సంగతి కొంచెము నిదానముగా చెప్పవలెను, ఏలయన ఇందులో మునిగిపోవు సొమ్ము పెద్దది. కాశ్మీరములోని పాంపోరు పొలములలో ఇది అక్టోబరు, నవంబరు మాసములలో పూయును. వేసవిలో దుంప నిద్రించుచున్నట్లే యుండును గాని, పువ్వు అప్పుడే లోపల రూపుకట్టుచుండును. దానికి 23 మొదలు 27 డిగ్రీల వెచ్చదనము కావలెను. ఆ మీదట 17 డిగ్రీల ప్రాంతమునకు చల్లబరచగా పువ్వు బయటికి వచ్చును. మన్నును నీరును లేకయే పళ్లెములో పేర్చిన దుంప పూయుటలోని రహస్యమిదియే; అది నిరుటి ఆకులు వండి దాచిన తిండిని ఖర్చు పెట్టుచున్నది. ప్రకటనల బొమ్మలలోని ఊదా వెలుగునకు ఆ పువ్వులలో పాలు మిక్కిలి స్వల్పము. పూత వచ్చినది గదా యని దీపమును మెచ్చుకొనుట, ఉల్లిగడ్డ బుట్టలో మొలకెత్తినదని బుట్టను మెచ్చుకొనుట వంటిది.

పూత ముగిసిన పిమ్మటనే దీపము పని ఆరంభమగును. అప్పుడు ఆకులు వచ్చును. అవి నెలల తరబడి నిజమైన వెలుగు తిని క్రొత్త దుంపలను పోషింపవలెను. తల్లిదుంప ఎండిపోవును. ఎనిమిది గ్రాములకు తక్కువైన పిల్లదుంప సాధారణముగా మఱుచటి యేడు పూయదు. ఆ నెలలలో వెలుగును, చల్లదనమును రెండును పుష్కలముగా ఈయనిచో రెండవ యేట పూత క్షీణించి, దుంపలు మఱల కొనవలసి వచ్చును. కిలో ఎండు కుంకుమపువ్వునకు దాదాపు లక్షన్నర పువ్వులు కావలెను. దుంపల ధరను ఒక్క పూతమీదనే వేసి లెక్క చూడుడు, తరువాత నాలుగైదు పూతలపై పంచి చూడుడు. ఈ రెండు లెక్కల మధ్యనే లాభనష్టములు నిలిచియున్నవి. కావున శిక్షణ యిచ్చువారిని మొదటి సంవత్సరపు పువ్వుల బొమ్మలు అడుగవలదు. మూడవ సంవత్సరమున అవే దుంపల పిల్లలు ఎన్ని పూసినవో, వాని బరువెంతో, ఆకుల కాలమున చదరపు మీటరుకు ఎన్ని మైక్రోమోళ్లు ఇచ్చిరో అడుగుడు. జవాబు రానిచో బయానా ఈయకుండుడు.

కొనువారికి

గది దీపములు న్యాయముగా అన్నము పెట్టుచున్న చోట్లును గలవు. అరటి పిలకలకు బదులు సీసాలలో పెంచిన మొక్కలు నేడు అనంతపురము, కడప తోటలలో విస్తారముగా నాటబడుచున్నవి. ఆ ప్రయోగశాలల అరలపై నుండునవి సామాన్యమైన తెల్ల ట్యూబులే. సీసాలో చక్కెర తిండి యుండుటచే 50 మైక్రోమోళ్ల ప్రాంతమున సరిపోవును. అంటుకట్టిన వంగ, టమాట నారును మొదటి దినములలో మసక వెలుగున ఉంచి, అతుకు కుదిరిన కొలది వెలుగు పెంచు గదులును అట్టివే. ఈ రెంటిలోను చిన్న చోటున వేల మొక్కలు పట్టును. ఒక్కొక్క మొక్కపై పడు దీపపు ఖర్చు పైసలలో నుండును.

కొననిశ్చయించినవారు అంగడిలో మూడు సంగతులు అడుగవలెను. మొదటిది, దీపము నిజముగా తిను వాట్లెన్ని. డబ్బాపై పెద్ద అక్షరములతో నుండు 1000 వాట్లు అను మాట తఱచుగా పేరు మాత్రమే. లోపల 100 వాట్లే యుండవచ్చును. రెండవది, వాటుకు ఎన్ని మైక్రోమోళ్లు. మంచి దీపములు 2.5కు పైగా ఇచ్చును. ఇంటి ట్యూబులు వాటుకు 100 ల్యూమెన్లవైనచో 1.4 ప్రాంతమున నుండును. ల్యూమెనులు చూచి రంగు దీపములను పోల్చరాదు; అది మనిషి కన్నునకు ఏర్పరచిన కొలత, పచ్చను హెచ్చుగా, ఎఱుపును తక్కువగా లెక్కించును. మూడవది, తేమ తగిలినను చెడని కట్టడము, హామీ కాలము. నీరు చల్లు గదిలో విద్యుత్ ప్రమాదము పొంచియుండును గనుక, కరెంటు కాఱినపుడు తనంతట ఆగిపోవు స్విచ్చి లేనిదే ఒక్క దీపమైనను వెలిగింపరాదు.

మైక్రోమోళ్లు కొలుచు పనిముట్టు ఖరీదైనది, ఒక్కొక్కరు కొననక్కఱలేదు. సంఘము ఒకటి కొని, సభ్యులకు వంతులవారీగా ఇచ్చుట మేలు. అది లేనిచో లక్సు మీటరుతో అంచనా కట్టవచ్చును. తెల్ల ఎల్.ఇ.డి. క్రింద లక్సులను 70 చేత, ఎండలో 54 చేత భాగించినచో మైక్రోమోళ్లు సుమారుగా వచ్చును. అనగా తెల్ల దీపము క్రింద 14,000 లక్సులున్నచో 200 మైక్రోమోళ్లు. ఊదా దీపము క్రింద ఈ లెక్క పనికిరాదు. మీటరును దీపముచెంత గాక, మొక్కల తలలున్న యెత్తున పెట్టి, మడి మధ్యను నాలుగు మూలలను చూడవలెను. మూలలలో సగమునకు పడిపోవుట సామాన్యము.

వాట్ల సంగతి తేల్చుటకు ఏ పనిముట్టును అక్కఱలేదు. ఇంటిలో తక్కిన వన్నియు ఆర్పి, ఆ దీపమొక్కటే వెలిగించి, విద్యుత్ మీటరుపై మినుకుమను చిన్న ఎఱుపు దీపమును గడియారము పట్టుకొని లెక్కింపుడు. మీటరుపై 3200 అని యున్నచో యూనిటుకు అన్ని మినుకులని అర్థము. 100 వాట్ల దీపమునకు పది నిమిషములలో 53 మినుకులు వచ్చును. 1000 వాట్లైనచో 533 రావలెను. అమ్మకపుదారు అంగడిలోనే ఈ పరీక్షకు ఒప్పుకొనునేమో అడిగి చూడుడు.